రాజ్యమంతా పథ్యం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి జ్వరం వస్తే, అది తగ్గాక రాజ్యమంతా పథ్యం తినవలసి వచ్చింది.

ఆ రాజ్యం పేరు పొన్నగిరి. రాజుగారి పేరు భువనమల్లుడు. మనసు చెడ్డది కాదు గానీ, తనకు తుమ్ము వచ్చినా అది దేశానికి ఏ శుభం సూచిస్తోందో అని ఆలోచించే మనిషి. ఒక వానాకాలంలో ఆయనకు విషజ్వరం పట్టుకుంది. ఇరవై రోజులు లంఖణాలు. "తండ్రీ విశ్వనాథా, బతికి బట్టకడితే కాశీకి వస్తాను" అని మొక్కుకున్నారు. ఇరవై ఒకటో రోజున వైద్యుడు పాతబియ్యపు అన్నంలోకి లేత పొట్లకాయ కూర పెట్టించాడు. జ్వరం అప్పటికే తగ్గుముఖం పట్టి ఉంది. రాజుగారు మాత్రం, "ఈ కాయే నన్ను బతికించింది" అన్నారు.

అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు.

"రాజును బతికించిన కాయ రాజ్యాన్ని బతికించదా?" అన్నారు.

"బతికించకేం మహాప్రభూ!" అన్నాడు మంత్రి నరహరి. రాజుగారు అవుననే లోపే తను అవుననే రకం.

నెల తిరక్కుండా కోటగుమ్మం ఎదుట నిలువెత్తు రాయి పాతారు. దాని మీద మూడే మూడు మాటలు చెక్కించారు. పొట్లకాయ మహారాజుగారికి అన్నిటికన్నా ప్రీతిపాత్రమైన ఆహారం. మహారాజుగారి విస్తట్లో ఏది ఉంటే ప్రతి ఇంటా అదే. మహారాజుగారి విస్తట్లో లేనిది మరెవరి విస్తట్లోనూ ఉండరాదు.

ఆ మూడో మాట మంత్రిగారి చలవ. రాజు పొట్లకాయ తింటూ ఉంటే పక్కింట్లో గుమ్మడికాయ పులుసు ఘుమఘుమలాడితే మర్యాదగా ఉండదని ఆయన ఉద్దేశం.

ఇక చూడండి. వంకాయ మళ్లు దున్నేశారు. బీరపాదులు పీకేశారు. పెరడు పెరడుకీ పందిరి, పందిరి నిండా పొట్లకాయలు. కాయ వంకర తిరక్కుండా నిటారుగా సాగాలని కొసకి ఒక్కొక్క గులకరాయి కట్టేవారు. పూలకని, నీళ్లకని పెరట్లోకి వెళ్లినవాళ్లకి ఆ రాళ్లు నుదుటికి కొట్టుకునేవి. బొప్పి లేని మనిషి ఆ ఊళ్లో లేడు. మధ్యాహ్నం అయ్యేసరికి తలారులు ఇంటింటికీ వచ్చి గిన్నెల మూతలు ఎత్తి చూసి పోయేవారు.

ఆ కోటలోనే రంగనాథస్వామి గుడి పక్క వీధిలో పేరిందేవమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో కోటలో పురాణం చెప్పేవాడు. ఆయన పోయాక ఆవిడ పొద్దున్నే స్నానం చేసి, స్వామికి తులసిమాల కట్టి ఇచ్చి వచ్చి, తన జపం తను చేసుకునేది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. కోపం వస్తే మరీ మెల్లగా మాట్లాడేది. ఆ సంగతి తెలిసిన వాళ్లు, ఆవిడ గొంతు తగ్గితే జాగ్రత్త పడేవారు.

ఇంట్లో కొడుకు, కోడలు తాయారు, మనవరాలు వకుళ. తాయారు వంటలో చెయ్యి తిరిగిన మనిషి. మొదట్లో ఓపిగ్గా వేపుడు చేసింది, పాలుపోసి వండింది, ఆవపెట్టింది, పెరుగుపచ్చడి చేసింది. నాలుగో నెలకి పాయసం కూడా కాచి చూసింది.

"అమ్మా, ఇది పాయసమా?" అంది వకుళ గిన్నెలోకి చూస్తూ.

"నోరు మూసుకుని తాగు."

"మూసుకునే ఉన్నానమ్మా. అందుకే లోపలికి పోవడం లేదు."

పేరిందేవమ్మ నవ్వింది. నవ్వుతూనే మనవరాలి చేతులు చూసింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పిల్లకి మొదటి నుంచీ ఆ కాయ వాసనే పడదు. తరుగుతుంటేనే వచ్చే ఆ పచ్చివాసనకి ముక్కు మూసుకుని వీధిలోకి పోయేది. రోజూ మజ్జిగ అన్నం నాలుగు ముద్దలు తిని లేచిపోయేది.

ఆ ఏడే వకుళకి పెళ్లయింది. అదే రాజ్యంలో, రెండామడల దూరాన ఉన్న ఊరు. పెళ్లి భోజనంలో పదకొండు రకాలు వడ్డించారు, పదకొండూ పొట్లకాయే. "ఏమండీ వదినగారూ, పెళ్లికొడుక్కి దండ కూడా దీనితోనే వేయిస్తారా?" అంది వియ్యపురాలు. తాయారు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట ఆ ఇంట్లో మూడు తరాల దాకా చెప్పుకున్నారు.

అత్తవారింటికి వెళుతూ వకుళ నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"బామ్మా, అక్కడా ఇదేగా?"

"అక్కడా ఈ రాజుగారే కదమ్మా" అంది పేరిందేవమ్మ. చాలా మెల్లగా అంది.

మర్నాడు ఆవిడ కాశీ ప్రయాణం పెట్టుకుంది. భర్త పోయినప్పటి నుంచీ ఉన్న కోరికే. వైశాఖంలో యాత్రికుల బళ్లు బయలుదేరుతున్నాయి. ఆ సంగతి రాజుగారి చెవిన పడింది. వెంటనే కబురు పెట్టి సభకి పిలిపించారు.

"బామ్మగారూ, మా మొక్కు ఒకటి కాశీలో ఉండిపోయింది. సింహాసనం వదిలి మేము రాలేం. మా పేర కూడా మీరే గంగలో మునగండి. మా పేర కూడా వదిలిపెట్టి రండి" అన్నారు.

కాశీకి వెళ్లినవాళ్లు తమకు ఎంతో ఇష్టమైన తిండి ఏదో ఒకటి గంగ ఒడ్డున వదిలిపెట్టి రావడం మన వైపు ఆచారం. వదిలింది మళ్లీ జన్మలో ముట్టకూడదు. ఇష్టం లేనిది వదిలి, వదిలానని చెప్పుకుంటే పుణ్యం దక్కదు సరికదా, గంగమ్మ దగ్గర అబద్ధమాడిన పాపం చుట్టుకుంటుంది.

పేరిందేవమ్మ చేతులు జోడించింది. "చిత్తం. తమ పేర ఏది వదలమంటారో తమ నోటితో సెలవిస్తే..."

రాజుగారు మీసం దువ్వారు. "అది కూడా అడగాలా? మాకు ఎంతో ఇష్టమైనది ఏదో పసిపిల్లవాడికి కూడా తెలుసు. కోట ముందర రాతి మీద చెక్కించాం."

"ముసలిదాన్ని మహారాజా. కళ్లు సరిగా ఆనవు. తప్పు జరిగితే గంగ దగ్గర జరుగుతుంది. అందుకని మళ్లీ అడుగుతున్నాను. రాతి మీద ఉన్నదేనా? మరొకటి ఏమైనా..."

"రాజుకి రాతి మీద ఒకటి, నోటి మీద ఒకటి ఉండదు!" అన్నారు భువనమల్లుడు గట్టిగా. సభంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా ముందు కొట్టినవాడు మంత్రి నరహరి.

"చాలు నాయనా" అంది పేరిందేవమ్మ. గుళ్లో ప్రసాదం కోసం చెయ్యి చాపిన ఆరేళ్ల పిల్లవాడిగా ఆయనను ఎరిగినది కాబట్టి, అప్పుడప్పుడూ నాయనా అనేసేది. తల వంచుకుని వచ్చేసింది.

వెళ్లడానికి అయిదు నెలలు, రావడానికి అయిదు నెలలు. దారిలో ఎండలు, వానలు, ఏరులు. కాశీ చేరాక ఓ ఉదయం మణికర్ణిక దగ్గర మూడు మునకలు వేసింది. మొదట తన పేర వదలాలి. ఏం వదులుతావని పండా, అంటే అక్కడి తీర్థపురోహితుడు, అడిగాడు. లేత వంకాయలు, తొడిమ దగ్గర గుత్తిగా కోసి, కొబ్బరి కారం కూరి, మూతలో నీళ్లు పోసి మగ్గబెడితే వచ్చే వాసన ఆవిడకి గుర్తొచ్చింది. ఏడాదికి పైగా ముట్టనిది. ముట్టకపోయినా, ఎప్పటికైనా ఈ గోల తీరాక ఒక్కసారి తినకపోతానా అనుకుంటూ ఉన్నది. అదే తనకు అన్నిటికన్నా ఇష్టం. దేవుడి దగ్గర దాపరికం ఏముంది?

"వంకాయ" అంది.

తరవాత రాజుగారి గోత్రం, పేరు చెప్పి మళ్లీ మునిగింది. ఈసారి ఆలోచించవలసిన పని పడలేదు. ఏం వదిలిందో మళ్లీ చెప్పనక్కర్లేదు కదా.

చైత్రంలో తిరిగి వచ్చింది. దారి పొడుగునా చింతచెట్లు ఎర్రగా చిగిర్చి ఉన్నాయి. కోసుకునేవాళ్లు లేరు. చిగురు రాజుగారి విస్తట్లో లేదు మరి.

గుమ్మంలో బండి దిగగానే, ఎదురుగా వసారాలో నులకమంచం మీద వకుళ కనిపించింది. పుట్టింటికి తీసుకొచ్చారు. ఆరో నెల. కడుపు తప్ప మనిషిలో ఇంకేమీ మిగల్లేదు. తాయారు అత్తగారి కాళ్లకి నీళ్లిస్తూ ఏడ్చేసింది.

"నీళ్లు కూడా నిలవడం లేదు అత్తయ్యగారూ. ఊరంతా ఆ వాసనే. వైద్యుడు వచ్చి చూశాడు. ఇలాగే పదిహేను రోజులు గడిస్తే తల్లికీ ప్రమాదమే, బిడ్డకీ ప్రమాదమే అన్నాడు. ఏం పెట్టమంటారండీ అంటే, ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు. ఆ మాట అని తనే నాలిక కరుచుకున్నాడు."

పేరిందేవమ్మ మంచం పక్కన కూర్చుంది. "ఏం తినాలని ఉందమ్మా?"

వకుళ కళ్లు తెరిచింది. "వచ్చేటప్పుడు చింతచెట్టు చూశావా బామ్మా?"

"చూశాను."

"చిగురు వచ్చిందా?"

"వచ్చింది."

"చింతచిగురు పప్పు" అంది వకుళ. అని, తల్లి ముఖం చూసి, "ఊరికే అన్నాలే" అంది.

పేరిందేవమ్మ మనవరాలి తల నిమిరి లేచింది. "రేపు కోటలో కాశీ సమారాధన. రాజుగారికి గంగాతీర్థం నేనే ఇవ్వాలి. తాయారూ, రేపు పొద్దున్న పప్పు నానబెట్టి ఉంచు" అంది. ఎంత మెల్లగా అందంటే, తాయారు మళ్లీ అడిగి చెప్పించుకుంది.

మర్నాడు కోటలో వెయ్యి విస్తళ్లు వేశారు. కాశీ వెళ్లివచ్చిన వాళ్లు, ఊరి పెద్దలు, పండితులు అందరూ బంతుల్లో కూర్చున్నారు. నడుమ రాజుగారి విస్తరి. గంగచెంబుకి పూజ అయింది. పేరిందేవమ్మ ఉద్ధరిణెతో రాజుగారి చేతిలో తీర్థం పోసింది. ఆయన కళ్లకద్దుకుని పుచ్చుకున్నారు.

"మా మొక్కు తీరినట్టేనా బామ్మగారూ?"

"నిక్షేపంగా తీరింది మహారాజా."

వంటవాళ్లు వడ్డన మొదలుపెట్టారు. రాజుగారి విస్తట్లో మొట్టమొదట పొట్లకాయ కూర వేశారు. రాజుగారు దాని వైపు చూశారు. పక్కనే నిలబడ్డ పేరిందేవమ్మ ఆ చూపు కనిపెట్టింది. వకుళ గిన్నెలోకి చూసినప్పటి చూపే అది. ఆయన ఒక్క నిట్టూర్పు విడిచి, చెయ్యి చాపారు.

"ఆగండి నాయనా! ముట్టకండి" అంది పేరిందేవమ్మ.

వెయ్యి చేతులు విస్తళ్ల మీద ఆగిపోయాయి.

"ఏమిటి? విషమా?" అని మంత్రి నరహరి లేచి నిలబడ్డాడు.

"శివ శివా, కాదు బాబూ. మహారాజుగారు దాన్ని కాశీలో వదిలేశారు. ఆయన పేర నేనే వదిలాను."

రాజుగారి ముఖం ఎర్రబడింది. "పొట్లకాయనా? పొట్లకాయ వదలమని మేమెప్పుడు చెప్పాం?"

"ఈ సభలోనే సెలవిచ్చారు. తమకు ఎంతో ఇష్టమైనది ఏదంటే రాతి మీద ఉన్నదన్నారు. మళ్లీ అడిగాను. రాజుకి రాతి మీద ఒకటి, నోటి మీద ఒకటి ఉండదన్నారు. అందరూ చప్పట్లు కూడా కొట్టారు." ఆవిడ మంత్రి వైపు చూసింది. "తమరు ముందు కొట్టారు బాబూ."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "మహాప్రభూ, కంగారు పడవలసింది లేదు. ఒకరి పేర ఇంకొకరు వదిలితే అది చెల్లదు. తమరు నిశ్చింతగా ఆరగించవచ్చు."

"అలాగంటారా?" అంది పేరిందేవమ్మ. "నేను వదిలింది చెల్లకపోతే, నేను మునిగింది కూడా చెల్లదు కదా బాబూ. అప్పుడు జ్వరంలో మొక్కిన మొక్కు అలాగే ఉండిపోతుంది. విశ్వనాథుడి మొక్కు ఉంచుకోవడం మంచిది కాదని పెద్దవాళ్లు అంటారు. మహారాజుగారు స్వయంగా బయలుదేరుతానంటే సరే, దారి నేను చూపిస్తాను. అయిదు నెలల నడక."

రాజుగారు చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"పోనీ మహాప్రభూ," అన్నాడు మంత్రి, "తమరు వదిలితే వదిలారు. ప్రజలు తింటారు. ప్రజలు వదలలేదు కదా!"

బంతుల్లో కూర్చున్నవాళ్ల ముఖాలు వాడిపోయాయి. పేరిందేవమ్మ గొంతు ఇంకా తగ్గింది. వినడానికి అందరూ ముందుకు వంగవలసి వచ్చింది.

"నాకు చదవడం అంతంత మాత్రమే బాబూ. రాతి మీద మూడో మాట ఏముందో కాస్త చెబుతారా?"

మంత్రి తన విస్తట్లోకి చూశాడు. రాజుగారే చెప్పారు. "మహారాజుగారి విస్తట్లో లేనిది మరెవరి విస్తట్లోనూ ఉండరాదు."

"అదేనండీ నా భయం. ఇవాళ తమ విస్తట్లోంచి అది తీసేస్తే, ఈ వెయ్యి విస్తళ్లలోంచీ తీసెయ్యాలి. రేపు ఊరంతా తీసెయ్యాలి. శాసనం తమదే. నేను చేసింది ఏమీ లేదు."

వెనక బంతిలో ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు.

మంత్రికి ఇంకొక దారి తోచింది. "అయితే మహాప్రభూ, రాయి మార్చిద్దాం! చెక్కినవాడు పొరపాటు పడ్డాడని, తమకు నిజంగా ఇష్టమైనది వేరే అని..."

"మార్చండి బాబూ, ఒకటే ఇబ్బంది" అంది పేరిందేవమ్మ. "ఇష్టమైనదని చెప్పి ఇష్టం లేనిది వదిలితే అది గంగమ్మతో అబద్ధం ఆడినట్టు. మహారాజుగారి పేర అబద్ధం ఆడివచ్చానని తెలిశాక నేను ఊరుకోకూడదు. మళ్లీ వెళ్లి, గంగ ఒడ్డున నిలబడి, అమ్మా, మా రాజుగారికి ఆ కాయ అంటే నిజానికి ఇష్టం లేదట, రెండేళ్లు ఊరికే తిన్నారట, మా చేతా ఊరికే తినిపించారట అని చెప్పి రావాలి. నాకు డెబ్బై రెండేళ్లు. ఎలాగో వెళతాను. కాకపోతే దారిలో ప్రతి సత్రంలోనూ ఎందుకొచ్చావమ్మా మళ్లీ అని అడుగుతారు. చెప్పాలి కదా."

అంతే. ఇక మంత్రి కూర్చున్నాడు.

రాజుగారు విస్తట్లోని పొట్లకాయ కూరని చూశారు. పేరిందేవమ్మని చూశారు. మీసం కింద ఏదో కదిలింది. ఆపుకోబోయారు. ఆగలేదు. ఒక్కసారి పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కళ్లంట నీళ్లు కారేలా నవ్వారు. రాజుగారు నవ్వాక ఇంకేముంది, వెయ్యి మందీ నవ్వారు.

"ఈ రెండేళ్లలో," అన్నారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ, "ఆరో నెల నుంచి ఆ కాయ చూస్తే నాకు మళ్లీ జ్వరం వచ్చేలా ఉంది. చెప్పడం ఎలా? రాయి చెక్కించాను కదా! తియ్యండయ్యా, ఈ కూర నా ఎదట నుంచి తీసెయ్యండి. అందరికీ తియ్యండి!"

పనివాళ్లు పరుగెత్తారు. రాజుగారు కాస్త ముందుకు వంగారు.

"బామ్మగారూ, నిజం చెప్పండి. నాకు నిజంగా ఇష్టమైనది ఏదో మీకు తెలియదా?"

"తెలియకేం నాయనా! ఆరేళ్లప్పుడు పురాణం మధ్యలోంచి లేచి మా ఇంటికి వచ్చి, నా చేతి గుత్తివంకాయ తిని వెళ్లేవాడివి. అదే చెబుతావేమో, అదెక్కడ వదలవలసి వస్తుందోనని రెండుసార్లు అడిగాను. నువ్వు రాతి మాటే అన్నావు. బతికించావు."

రాజుగారు మళ్లీ నవ్వారు. "ఏం కావాలో కోరుకోండి. మాన్యమా, మేడా?"

"అవన్నీ నాకెందుకు? ఇంటి దగ్గర నా మనవరాలు ఆరో నెల కడుపుతో ఉంది. ఆ పిల్లకి ఏది సహిస్తుందో తన నోటికి తెలుసు, తల్లికి తెలుసు. రాతికి తెలియదు. ఎవరింట్లో ఏం వండుకోవాలో వాళ్లనే చూసుకోనివ్వండి. ఆ రాయి నాకిచ్చెయ్యండి. మా పెరట్లో బట్టలు ఉతుక్కోవడానికి బండ లేదు."

రాజుగారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. రాతితో పాటు, వద్దన్నా వినకుండా, పట్టుచీర పెట్టించి, కాశీ యాత్రికులకు దారిలో ఒక సత్రం ఆవిడ పేర కట్టిస్తామని మాట ఇచ్చారు.

ఎనిమిది మంది మోసుకొచ్చి ఆ రాయిని పేరిందేవమ్మ పెరట్లో దింపేసరికి, పొయ్యి మీద చింతచిగురు పప్పు ఉడుకుతోంది. తలారి అలవాటు కొద్దీ గుమ్మంలోకి వచ్చి, మూత ఎత్తబోయి, సంగతి గుర్తొచ్చి, "కాస్త నాకూ ఉంచండమ్మా" అని వెళ్లాడు. వకుళ లేచి గోడకి ఆనుకుని కూర్చుని, వేడివేడి అన్నంలో కలుపుకుని తింది. మొదటి ముద్ద నిలిచింది. రెండోదీ నిలిచింది. తాయారు ఊపిరి బిగబట్టి లెక్కపెడుతూ కూర్చుంది. పేరిందేవమ్మ అటు తిరిగి కళ్లొత్తుకుని, రంగనాథుడికి దణ్ణం పెట్టుకుంది.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. బారసాలకి మహారాజుగారే వచ్చారు. అప్పటికి మళ్లలో వంకాయలు మళ్లీ కాశాయి. ఆ పూట గుత్తివంకాయ పేరిందేవమ్మే స్వయంగా వండింది. రాజుగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. ఎనిమిదో కాయ తుంచుతూ తలెత్తి చూస్తే, ఆవిడ ఓ పక్కన కూర్చుని మజ్జిగ అన్నంలో చింతకాయ నంజుకుంటోంది.

"అదేమిటి బామ్మగారూ? మీరు వేసుకోలేదేం?"

"నేను కాశీలో వదిలేశాను నాయనా."

రాజుగారి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "ఇదా? మీకు ఇష్టమైనది ఇదేనా?"

"రాతి మాట చెప్పడానికి నాకు రాయి లేదుగా. ఉన్నమాటే చెప్పాను" అని నవ్వింది. "తిను, చల్లారిపోతుంది. ఉప్పు సరిపోయిందా? వాసన చూసి వేశాను."

"సరిపోయింది" అన్నారు మహారాజుగారు. ఆయన అంత మెల్లగా మాట్లాడగా వినడం అందరికీ అదే మొదటిసారి.